మన చేలో కూలీకి దెబ్బ తగిలితే

దీపావళి ఇంకా పన్నెండు రోజులు ఉందనగా, అక్టోబరు 8న, రాయవరంలో బాణసంచా తయారీ కేంద్రం అంటుకుంది. యజమానితో సహా ఆరుగురు ఆ రోజే చనిపోయారు. ఒళ్లు కాలి ఆసుపత్రిలో చేరినవాళ్లలో మరికొందరు తర్వాత పోయారు. అధికారులు వచ్చారు, నాయకులు వచ్చారు, విచారణ అన్నారు, పరిహారం అన్నారు. నెల తిరక్కుండానే కోతలు మొదలయ్యాయి. మనమంతా చేలల్లోకి వెళ్లిపోయాం.

ఈ నెల ఆ ప్రమాదం గురించి రాయాలనుకున్నాం. ఎవరు నిర్లక్ష్యం చేశారన్నది విచారణలో తేలాల్సిన సంగతి. మేం రాయదలచుకున్నది దాని పక్కనే ఉన్న ఇంకో సంగతి, కొంచెం ఇబ్బందిగా ఉండే సంగతి. ఊడ్పులకీ కోతలకీ మధ్య ఖాళీ రోజుల్లో పని ఎక్కడ దొరికితే అక్కడికి పోయే కూలీలే బాణసంచా కేంద్రాలకి వెళ్తారు, ఇటుక బట్టీలకి వెళ్తారు, రైసు మిల్లులకి వెళ్తారు. మిగతా రోజుల్లో వాళ్లే మన చేలోకి వస్తారు. అక్కడ వాళ్లకి ఏదైనా అయితే యజమాని ఏం ఇచ్చాడని అడుగుతాం. మన చేలో అయితే ఏం చేస్తున్నాం?

ముందు ఒక మాట విడదీసుకోవాలి. పెద్ద ప్రమాదం జరగ్గానే ప్రభుత్వం ప్రకటించేది ఎక్స్‌గ్రేషియా. దయతో ఇచ్చేదని దాని అర్థం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా ఫార్మా కంపెనీలో 17 మంది పోయినప్పుడు కుటుంబానికి కోటి రూపాయలు అన్నారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి 8 మంది పోతే 15 లక్షలు అన్నారు. రెండు చోట్లా పోయినవి పనిలో ఉన్నవాళ్ల ప్రాణాలే. కోటికీ పదిహేను లక్షలకీ మధ్య తేడా ఏ లెక్కలోంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. ఎంతమంది పోయారు, టీవీల్లో ఎంతసేపు వచ్చింది, కంపెనీ ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఒక్కడే కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోతే ఏ ప్రకటనా రాదు. ఆ ఊరి సర్పంచి వస్తే గొప్ప.

నష్టపరిహారం వేరు. అది దయ కాదు, బాకీ. 1923లో, ఇంగ్లీషువాళ్ల కాలంలోనే దానికి చట్టం వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో అదే చట్టం ఒక అధ్యాయంగా చేరింది. కార్మిక కోడ్‌ల మీద మన సంఘానికి ఉన్న అభ్యంతరాలు అలాగే ఉన్నాయి, వాటి సంగతి వేరే రాస్తాం. కానీ ఈ అధ్యాయం చాలావరకు పాత చట్టమే. పనిలో ఉండగా, పని వల్ల ప్రమాదం జరిగితే, తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా యజమాని పరిహారం ఇవ్వాలన్నది దాని మూలసూత్రం.

ఆ యజమాని ఎవరయ్యా అంటే, చాలాసార్లు మనమే.

మన సభ్యుడొకరి అనుభవం చెప్తాం. ఊరూ పేరూ వద్దు. రెండెకరాల కొబ్బరితోట ఉంది ఆయనకి. రెండు నెలలకోసారి దింపు తీయించుకుంటాడు. ఎన్నో ఏళ్లుగా ఎక్కే మనిషే, వర్షానికి పాచి పట్టిన చెట్టు మీంచి జారి పడ్డాడు. ఇద్దరు కుర్రాళ్లు మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు. ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడిగితే, పోలీసు కేసవుతుందన్న భయంతో, ఇంటి దగ్గర మేడ మీంచి పడ్డాడని రాయించారు. నాలుగో రోజున మనిషి పోయాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. లక్షన్నర అన్నారు. ఆయన అప్పు తెచ్చి ఇచ్చాడు, అది నిజం. భార్యచేత ఇక ఏ విధమైన బాకీ లేదని స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించారు.

ఏడాది తిరిగేసరికి ఆవిడ తరఫున కార్మిక శాఖలో దరఖాస్తు పడింది. నోటీసు పట్టుకుని ఆయన మా దగ్గరికి వచ్చాడు. ‘ఇచ్చేశాం కదండీ, కాగితం కూడా ఉంది’ అన్నాడు. ఆ కాగితం చూపించినప్పుడు మేం చెప్పాల్సి వచ్చిన మాట ఆయనకి ఇప్పటికీ మింగుడుపడలేదు. చనిపోయిన కార్మికుడి పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతికి ఇస్తే చట్టం దాన్ని పరిహారంగా లెక్కించదు. అధికారి దగ్గర డిపాజిట్ చెయ్యాలి. పిల్లల వాటా ఎంత, తల్లి వాటా ఎంత అని ఆయన పంచుతాడు. యజమాని ముందస్తుగా ఇచ్చినదాంట్లో మూడు నెలల వేతనం మేరకు మాత్రమే మినహాయింపు దొరుకుతుంది. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న కాగితం చెల్లదు. పెద్దమనుషులు చెడ్డవాళ్లని మేం అనడం లేదు. వాళ్లు తగువు తీర్చారు, బాకీ తీర్చలేదు.

ఆ దరఖాస్తు ఏమైందంటే, ఆవిడ కూడా ఇబ్బంది పడింది. ఆసుపత్రి చీటీలో ‘మేడ మీంచి పడ్డాడు’ అని ఉంది. పోస్టుమార్టం లేదు. చనిపోయిన మనిషికి బ్యాంకులో ఇరవై రూపాయల ప్రమాద బీమా ఉంది, రెండు లక్షలు రావాలి. ఎఫ్ఐఆర్ లేక అదీ ఆగిపోయింది. రైతుని కాపాడాలని చెప్పిన అబద్ధం రైతుని కాపాడలేదు, కూలీ కుటుంబానికి రావాల్సిన బీమాని మాత్రం పోగొట్టింది. మేం చూసినంతలో ఇలాంటి వ్యవహారాలన్నీ మొదటిరోజు ఆసుపత్రిలో చెప్పిన మాట దగ్గరే చెడిపోతున్నాయి.

అసలు ఎంత ఇవ్వాల్సి ఉంటుంది? చనిపోతే నెల వేతనంలో సగాన్ని వయసుని బట్టి ఉండే ఒక గుణకంతో హెచ్చవేస్తారు. నలభై ఏళ్లవాడికి ఆ గుణకం 184.17. నెలకి పదివేలు సంపాదిస్తున్నాడని తేలితే 9,20,850 రూపాయలు. 2020 జనవరి నుంచి నెలకి 15 వేల దాకా లెక్కలోకి తీసుకుంటున్నారు. ఆ లెక్కన 13,81,275. కోతమిషనులోనో నూర్పిడి యంత్రంలోనో పడి ముప్పై ఏళ్లవాడికి బొటనవేలు పోయిందనుకోండి. చట్టం దాన్ని 30 శాతం నష్టంగా రాసిపెట్టింది. నెలకి 15 వేల సంపాదన మీద అది 5,61,546 రూపాయలవుతుంది. దీనికి తోడు వైద్యానికి అయిన అసలు ఖర్చు కూడా యజమానిదే. బాకీ పడ్డ నెలరోజుల్లోగా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా.

ఈ అంకెలు చదివి మన సభ్యుల్లో చాలామందికి గుండె గుభేలుమంటుంది. మాకూ అలాగే అనిపించింది. రెండెకరాల కౌలురైతు పదమూడు లక్షలు ఎక్కడినుంచి తెస్తాడు? సార్వా పంట మీద ఎకరాకి మిగిలేది ఎంతో మనకి తెలుసు. 2011లో ఇదే కోనసీమలో సాగు గిట్టక సార్వా పంట విరామం ప్రకటించిన రైతులం మనం. ఇంకో చిక్కు కూడా ఉంది. కూలీని పెట్టుకున్నది కౌలురైతు కాబట్టి యజమాని ఆయనే అవుతాడు. భూమి ఉన్న ఆసామి హైదరాబాదులో కౌలు డబ్బులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు, నోటీసు మాత్రం కౌలుదారుకి వస్తుంది. అలాగని ఈ భారం కూలీ భార్య మోయాలా? మనం పదమూడు లక్షలు తేలేకపోతే, ఆవిడ మొగుణ్ణి తేలేదు. భారం ఎవరిమీద వెయ్యాలన్న దానికి జవాబు బీమా. దాని సంగతికి వస్తాం.

చట్టం అందరికీ వర్తిస్తుందని కూడా అనుకోవద్దు. వ్యవసాయంలో దాని పరిధి అతుకుల బొంత. ట్రాక్టరుతో, కరెంటుతో, యంత్రాలతో చేసే సేద్యం అందులో ఉంది. దమ్ము చేస్తుండగా ట్రాక్టరు తిరగబడ్డా, మోటారు దగ్గర షాకు కొట్టినా వస్తుంది. తోటపనులు ఉన్నాయి. బోరుబావి పనులు ఉన్నాయి. కల్లుగీత, చెట్లు నరకడం ఉన్నాయి. ఉత్త చేతులతో చేసే సేద్యం మాత్రం, గడిచిన పన్నెండు నెలల్లో ఏదో ఒకరోజు ఇరవై అయిదుమంది కంటే ఎక్కువ మందిని పనిలో పెట్టి ఉంటేనే లోపలికి వస్తుంది. అంటే ఎకరన్నర చేలో కలుపు తీస్తూ పాము కరిచిన ఆడమనిషికి ఈ చట్టంలో చోటు దొరకడం కష్టం. దేశంలో ఎక్కువమంది కూలీలు చేసే పని అదే. తొంభై ఏళ్లు దాటిన చట్టాన్ని కొత్త కోడ్‌లోకి మార్చేటప్పుడైనా ఆ ఇరవై అయిదు అంకె తీసెయ్యాల్సింది. తియ్యలేదు. రోజుకూలీ కాబట్టి వర్తించదన్న వాదన మాత్రం ఇప్పుడు ఎవరూ చెయ్యనక్కర్లేదు, 2000 సంవత్సరంలో చేసిన సవరణతో అది పోయింది.

మనవాళ్లు తరచూ అనే మాట ఇంకోటుంది. ‘తాగి ఎక్కాడండీ, నేనేం చెయ్యను’ అని. కొందరు తాగి ఎక్కుతారు, కాదనం. అరవై అడుగుల చెట్టు రోజుకి ఎన్నోసార్లు ఎక్కిదిగే మనిషి ఒంటినొప్పులకి ఏం చేస్తున్నాడో మనకి తెలియనిది కాదు. కానీ చట్టం ఏం చెప్తుందంటే, తాగి ఉండటం, చెప్పిన జాగ్రత్తలు కావాలని పాటించకపోవడం అన్నవి చిన్న దెబ్బలకి మాత్రమే యజమానికి అడ్డం పడతాయి. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికి దూరమైనా ఆ మాట చెల్లదు. చెట్టెక్కకముందు తాగాడని తెలిస్తే ఎక్కనివ్వకుండా తిప్పి పంపించాల్సింది మనమే. పడ్డాక ఆ మాట అంటే, తెలిసీ ఎక్కించానని ఒప్పుకున్నట్టే.

దింపు వ్యాపారికి అమ్మేస్తే మనకేం సంబంధం లేదు కదా అని అంబాజీపేట వైపు రైతులు అడుగుతుంటారు. కాయలు చెట్టుమీదే అమ్మి, వ్యాపారి తన మనుషుల్ని తెచ్చుకుని దింపుకుంటే యజమాని ఆ వ్యాపారే. కానీ మన పని మేస్త్రీకి గుత్తకి ఇచ్చి, అతను జట్టుని తెచ్చి చేయించినంత మాత్రాన మనం తప్పించుకోలేం. మన వృత్తిలో భాగమైన పనిని కాంట్రాక్టుకి ఇచ్చినప్పుడు కార్మికుడు అసలు యజమానినే అడగొచ్చు. తర్వాత మనం ఆ మేస్త్రీ దగ్గర వసూలు చేసుకోవాలి. మేస్త్రీ దగ్గర ఏముంటుంది వసూలు చేసుకోవడానికి? కాబట్టి గుత్తకి ఇచ్చేముందే ఈ సంగతి మాట్లాడుకోవాలి.

కొత్త కోడ్‌లో ఒక మంచి మార్పు వచ్చింది. ఇంటినుంచి పనికి వెళ్తూనో, పని ముగించుకుని వస్తూనో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో దానికి సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగిన ప్రమాదంగానే చూడాలన్నారు. ఊడ్పుల రోజుల్లో తెల్లవారుజామున ఒక్కో ఆటోలో పదిహేను మంది ఆడవాళ్లు వేలాడుతూ వస్తారు. మంచు పట్టిన కాలవగట్టు మీద ఆ ఆటోలు వస్తుంటే చూసేవాళ్లకే భయమేస్తుంది. ఆటోకి డబ్బులిచ్చేది చాలాసార్లు మనమే. ట్రిప్పుకి ఎనిమిదిమందిని మించి ఎక్కించొద్దని ఆటో డ్రైవరుకి చెప్పి, రెండో ట్రిప్పు కిరాయి మనం ఇస్తే ఎకరాకి పడే ఖర్చు పెద్దది కాదు. ఈ మాట మేం రెండేళ్లుగా చెప్తున్నాం, వినేవాళ్లు తక్కువ.

సరే, దెబ్బ తగిలింది. అప్పుడేం చెయ్యాలి?

చెట్టు మీంచి పడ్డవాణ్ణి లేపి కూర్చోబెట్టకండి. మోటారుసైకిలు మీద అసలే వద్దు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ ప్రయాణంలోనే కాళ్లు పడిపోతాయి. 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా కదలకుండా ఉంచి, కదపక తప్పకపోతే నలుగురు పట్టి బల్ల మీదకో తలుపుచెక్క మీదకో తిన్నగా చేర్చండి. యంత్రంలో వేలు తెగితే తెగిన ముక్కని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని మంచుముక్కల మీద ఉంచి మనిషితోపాటే పంపండి. ముక్కకి మంచు నేరుగా తగలకూడదు. కరెంటు పట్టుకున్నవాణ్ణి ముట్టుకోకముందే స్టార్టరు దగ్గర సప్లై ఆపాలి. ఒకణ్ణి లాగబోయి ఇద్దరు పోయిన ఇళ్లు మన చుట్టూనే ఉన్నాయి.

ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘ఫలానావారి తోటలో దింపు తీస్తూ పడ్డాడు’ అని రాయనివ్వండి. పోలీసులు వస్తారు, వాంగ్మూలం తీసుకుంటారు. మనం కావాలని చేసిన పని కానప్పుడు దాక్కోవాల్సిన అవసరం లేదు. ఆ రోజే ఒక కాగితం మీద తేదీ, టైము, పని, కూలి రేటు, అక్కడున్న ఇద్దరి పేర్లు రాసి పెట్టుకోండి. రేపు కూలి ఎంత అన్న దగ్గరే వాదన వస్తుంది, ఆ కాగితం ఇద్దరికీ పనికొస్తుంది.

ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంది కదా అని మనిషిని ఆసుపత్రిలో దింపేసి వచ్చేయడం కూడా మన దగ్గర మామూలైపోయింది. కార్డు ఆపరేషను ఖర్చు మోస్తుంది. ఇంటిదగ్గర పిల్లల తిండి మొయ్యదు, తోడున్నవాళ్ల బస్సు కిరాయి మొయ్యదు. మూడు రోజులకి మించి పనికి రాలేకపోతే తాత్కాలిక నష్టానికీ చట్టంలో లెక్క ఉంది, నెల వేతనంలో పావువంతు చొప్పున పదిహేను రోజులకోసారి. సగం కూలి అన్నమాట. అది అడక్కముందే ఇంటికి పంపించే రైతులు మన సంఘంలో ఉన్నారు. వాళ్ల చేలోకి ఊడ్పుల రోజుల్లో కూలీలు దొరకలేదన్న మాట మేం ఎప్పుడూ వినలేదు.

పెద్ద దెబ్బయితే, ప్రాణం పోతే, పెద్దమనుషుల దగ్గర కూర్చోవద్దని మేం అనం. ఊళ్లో మాట్లాడుకోవాలి. అక్కడ ఒప్పుకున్నదాన్ని కార్మిక శాఖ అధికారి దగ్గర రిజిస్టరు చేయించండి, డబ్బు ఆయన దగ్గర డిపాజిట్ చెయ్యండి. లక్షన్నర బయట ఇచ్చి మళ్లీ తొమ్మిది లక్షలకి నోటీసు అందుకోవడం కంటే అది రైతుకే క్షేమం. వితంతువుకి వచ్చిన డబ్బు బావల చేతిలోనో అప్పులవాళ్ల చేతిలోనో పడకుండా ఆగేదీ అక్కడే.

ఇక బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్లలోపు, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు ఎవరైనా చేరొచ్చు. ప్రమాదంలో పోతే రెండు లక్షలు. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క. ఖాతాలో ఆ ఇరవై లేక పాలసీ ఆగిపోయినవాళ్లు కూలీల్లో చాలామంది కనిపిస్తారు. మన పనికి క్రమంగా వచ్చే పదిమంది ఖాతాల్లో మే నెలలో ఆ రెండొందలు వెయ్యడం మనకి భారమా? దింపు తీసేవాళ్లకి కొబ్బరి అభివృద్ధి బోర్డువారి కేర సురక్ష బీమా ఉంది. అందులో ప్రీమియం ఎక్కువభాగం బోర్డే కడుతుంది. కేరళలో అది తెలిసినంతగా కోనసీమలో తెలియదు. కాళ్లకి బంధం తప్ప ఇంకేమీ లేకుండా ఎక్కే మనవాళ్లకి చెట్టెక్కే పరికరం వాడటం నేర్పే శిక్షణ కూడా ఆ బోర్డు ఇస్తుంది. ఇవేవీ యజమాని బాకీకి బదులు కావు. ప్రమాదం జరిగిన వారంలో ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి పనికొస్తాయి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే ఉంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15 నుంచి రైతుబీమా నడుస్తోంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా అయిదు లక్షలు, ప్రీమియం ప్రభుత్వానిదే. అందులోనూ పట్టా ఉన్నవాడికే చోటు, కౌలురైతుకీ కూలీకీ లేదు. ఇక్కడ మేం కోరేది వ్యవసాయ ప్రమాదాలకంతటికీ ఒకే గ్రూపు బీమా. పట్టా రైతు, కౌలురైతు, కూలీ, దింపు కార్మికుడు, ట్రాక్టరు డ్రైవరు అందరూ అందులో ఉండాలి. అయిదెకరాల లోపు రైతు యజమానిగా పడే పరిహార బాధ్యత కూడా అందులోంచే తీరాలి. ప్రీమియం ప్రభుత్వం కట్టాలి. మన పంట మీద మార్కెట్ సెస్సు వసూలు చేస్తున్నారు, అందులోంచి ఒక భాగం దీనికి కేటాయించొచ్చు. రాయవరంలో యజమాని కూడా కార్మికులతోపాటే పోయాడు. అలాంటప్పుడు కార్మికుల ఇళ్లవాళ్లు ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? చట్టం ప్రకారం ఆయన ఆస్తి మీద అడగొచ్చు. ఇంటిపెద్దని పోగొట్టుకున్న ఒక ఇంటిమీద అదే దుఃఖంలో ఉన్న ఇంకో ఇల్లు కేసు వెయ్యాలి. బీమా తప్పనిసరి చేసి, ఉందో లేదో ఏటా చూస్తే ఆ పరిస్థితి రాదు.

వ్యవసాయ కార్మిక సంఘంవాళ్లతో కలిసి ఈ డిమాండు మీద వినతిపత్రం తయారు చేస్తున్నాం. కూలి రేట్ల దగ్గర వాళ్లకీ మనకీ పడదు, ఊడ్పుల్లో మళ్లీ ఆ గొడవ ఉండనే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో ఒకే కాగితం మీద సంతకాలు పెడదామని వాళ్లు ఒప్పుకున్నారు. మన గ్రామశాఖలు చెయ్యాల్సింది, దాళ్వా ఊడ్పులు ముగిసేలోగా ఊళ్లో దింపు తీసేవాళ్ల పేర్లు, ట్రాక్టరు డ్రైవర్ల పేర్లు, వాళ్లలో ఎవరికి ఏ బీమా ఉందో లేదో రాసి మండల కమిటీకి పంపడం. అయిదేళ్లలో మీ ఊరి చేలల్లో, తోటల్లో దెబ్బతిన్నవాళ్ల వివరాలు కూడా కావాలి. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు అన్నది దాచకుండా రాయండి. ఆసుపత్రి చీటీలో వేరేగా రాయించినవి ఉంటే అవి కూడా.